తట్టని పెన్సిల్

రూపర్ట్ హాస్కెల్ మీద ఇప్పటికి నాలుగు పుస్తకాలొచ్చాయి. నాలుగింటిలోనూ నా పేరుంది. ఒకదాంట్లో తప్పుగా అచ్చేశారు, ఇంకోదాంట్లో నన్ను ఆయన ఉంపుడుగత్తెని చేశారు. ఆ రెండింటికీ నాకు కోపం రాలేదు. ఆ ఒక్క షాట్ గురించి రాసిన పేజీలు చదివినప్పుడే ఒళ్ళు మండుతుంది. మంట అని పైకి అంటున్నాను గాని, అది సిగ్గు. డెబ్బై మూడేళ్ళొచ్చాక ఇంకా వేరే పేరు పెట్టి చెప్పుకోవడం ఎందుకు? ఆయన పోయి కూడా ఏడాది దాటింది.

షాట్ మీరు చూసే ఉంటారు. పడవవాడి సినిమాలోది. నడుం లోతు నీళ్ళలో ఒక ముసలాయన పడవ తాడు పట్టుకుని నిలబడి, కొడుకు శవాన్ని మోసుకొస్తున్న బల్లకట్టు కోసం చూస్తుంటాడు. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు కెమెరా అతని ముఖం మీంచి కదలదు. మొదట ఏమీ జరగదు. తర్వాత ఆ ముఖం మెల్లగా ఒక పక్కకి జారుతుంది, చేతిలోంచి తాడు జారుతుంది. ఆఖరికి అతను బల్లకట్టు వైపు కాకుండా తిన్నగా మన వైపు చూస్తాడు. ఆ చూపు మీద ఒక ప్రొఫెసరు పద్దెనిమిది పేజీలు రాశాడు. ముసలాయన దేవుణ్ణి నిలదీస్తున్నాడట. దేవుడూ లేడు, దయ్యమూ లేదు. అతను చూసింది నన్ను. కెమెరా కింద ముక్కాలిపీట మీద, ఒళ్ళో అట్ట, చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని కూచున్నది నేనే.

నా పేరు ఎనిడ్ పాస్కో. ఇరవై రెండేళ్ళు హాస్కెల్ గారి సినిమాలకి కంటిన్యూటీ చూశాను. సిగరెట్టు ఎంత కాలింది, గ్లాసు ఏ చేతిలో ఉంది, పై గుండీ పెట్టుకున్నాడా లేదా, ఇలాంటివన్నీ చూసి కాగితం మీద రాయడం నా పని. చూడ్డానికే నాకు జీతం. ఈ మాట ముందే చెప్పేస్తే, నాకు కనిపించలేదని తర్వాత బుకాయించడానికి వీలుండదు.

ముప్ఫై నాలుగేళ్ళ వయసు నుంచే ఆయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఆయన మాట తీరు అలాంటిది. వాళ్ళ నాన్న ఇండియాలో కల్నల్ అని యూనిట్ అంతా నమ్మేది. నిజానికి ఇంగ్లండులోనే, వాల్సాల్‌లో క్షవరం చేసేవాడు. ఆ సంగతి ఎలాగో నాకొక్కదానికే తెలుసు, నేను ఎక్కడా నోరు జారలేదు. మూగ సినిమాల రోజుల్లో తెర మీద చూపించే మాటల అట్టలు రాసే పనిలో చేరి, మాటలొచ్చాక వారానికో చౌక సినిమా తీసి, యుద్ధంలో విషవాయువు ముసుగులు ఎలా తగిలించుకోవాలో జనానికి నేర్పే చిన్న చిత్రాలు తీసి, అలా అలా పైకొచ్చారు. గొప్పవి అనదగ్గవి మూడే తీశారు. మూడూ యుద్ధం అయ్యాక ఐదేళ్ళలోనే. ఆ తర్వాత తీసినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ ఎందుకలా తయారయ్యాయో పుస్తకాలవాళ్ళకి తెలీదు. నాకు తెలుసు.

పెద్దాయనకి ఒక పద్ధతి ఉండేది. షాట్ మొదలవగానే కళ్ళు మూసుకునేవారు. చిన్నప్పుడు నాన్న కొట్లో తెర వెనక కూచుని, గడ్డం గీయించుకునేవాళ్ళ మాటలు విని పెరిగిన మనిషి. ముఖం అబద్ధం చెబితే తను మోసపోతాననీ, గొంతు చెబితే మాత్రం పట్టేస్తాననీ అనేవారు. ఆఖరికి శ్వాస కూడా వినేవారు. కానీ దర్శకుడు కళ్ళు మూసుకుంటే ఫ్రేములో ఏం జరుగుతోందో ఎవరు చూడాలి? నేను చూసేదాన్ని. ఏదైనా తేడా కనిపిస్తే పెన్సిల్‌తో అట్ట మీద ఒక్క తట్టు తట్టాలి. ఆ మరుక్షణం ఆయన కట్ అనేవారు. కట్ అనే మాట సెట్టు మీద ఆయన తప్ప ఇంకెవరూ అనకూడదు. సెట్టు తగలబడుతున్నా సరే, ఆ మాట వినపడేదాకా నటులు ఆగకూడదు, కెమెరా ఆగకూడదు, ఫ్రేములోకి ఈగ కూడా పోకూడదు. తట్టు సంగతి మా ఇద్దరి మధ్యే ఉండేది. కళ్ళు మూసుకుని కూడా తప్పు పట్టేస్తాడని జనం ఆయన్ని చూసి నోరెళ్ళబెట్టేవాళ్ళు. నాకు లోపల మహా గర్వంగా ఉండేది.

అది పంతొమ్మిది వందల నలభై తొమ్మిది ఫిబ్రవరి. ఎసెక్స్ తీరంలో బురద పాయ. పడవవాడి వేషం వాలీ డాబ్స్‌ది. నలభై ఏళ్ళు స్టేజీ మీద ప్యాంటు జారిపోయే వేషాలు వేసి జనాన్ని నవ్వించిన మనిషి. అరవై ఆరో ఏట మొదటిసారి ఏడిపించే వేషం దొరికిందని మురిసిపోయాడు. కూతురు ఐవీ వెంట ఉండి బట్టలూ మందులూ చూసుకునేది. నాలుగు టేకులు పోయాయి. ఒకసారి ఎండ మారింది, ఒకసారి బాతులు అరిచాయి, రెండుసార్లు బల్లకట్టు ముందే వచ్చేసింది.

నాలుగో టేకు తర్వాత వాలీ నీళ్ళలోంచే కేకేశాడు. "ఏమ్మా ఎనిడూ! ప్యాంటు తడిసిందని రాసుకున్నావా? నీళ్ళ వల్లేనని కూడా రాయి. జనం వేరే అనుకుంటారు."

లైట్లవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఐవీ మాత్రం నవ్వలేదు. "నువ్వు నోరు మూసుకుని బయటికి రా నాన్నా. ముక్కు నీలమైపోయింది."

"అయితే ఏంటే? సినిమా నలుపూ తెలుపేగా. ఎవడికి తెలిసొస్తుంది?"

ఐవీ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, ఇంకెన్నిసార్లు? పొద్దున్నించీ ఎడంచెయ్యి తిమ్మిరిగా ఉందంటున్నాడు. ఆయనతో నువ్వు ఒక్క మాట చెప్పకూడదూ?"

"ఇదొక్కటే. నలభై సెకన్ల పని" అన్నాను. ఆయనతో ఏమీ చెప్పలేదు. వెలుతురు పోతోంది, మర్నాటికి మా దగ్గర బల్లకట్టు లేదు. ఐవీ దుప్పటీ, రమ్ము సీసా పట్టుకుని ఫ్రేముకి అవతల గట్టు మీద నిలబడింది. తండ్రికీ ఆమెకీ మధ్య పది అడుగులు కూడా ఉండవు.

ఐదో టేకు మొదలైంది. పెద్దాయన గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నారు. బల్లకట్టు మీది గంట చప్పుడు దగ్గరికి రాగానే కట్ అనాలని ఆయన లెక్క. బల్లకట్టేమో మలుపులో బురదలో ఇరుక్కుంది. గంట మోగుతోంది గాని దగ్గరికి రావడం లేదు. ఆయన వింటూనే ఉన్నారు.

నలభై ఒకటో సెకనులో వాలీ మూతి ఎడమ పక్క జారింది. ముందు చలికేమో అనుకున్నాను. తర్వాత ఎడంచేతిలోని తాడు జారిపోయింది. నాలుగు టేకుల్లో అతను ఆ తాడు వదల్లేదు. వదలమని స్క్రిప్టులో లేదు. అన్నీ రాసుకునేదాన్ని, నాకు తెలీదా? అది నటన కాదు. ఎడం కన్ను దానంతటదే కారుతోంది. కుడి కన్ను నన్ను వెతుక్కుని పట్టుకుంది. ఆ నెలంతా రోజూ పొద్దున్నే నాకు గుడ్ మార్నింగ్ చెప్పిన మనిషి, అందరిలోకీ నన్నే చూసి అడుగుతున్నాడు.

పెన్సిల్ నా వేళ్ళ మధ్యే ఉంది.

భయపడ్డానని చెప్పుకోవచ్చు. చేతులు మొద్దుబారాయని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అదేం కాదు. ఆ ముఖం అద్భుతంగా ఉంది. పదమూడేళ్ళు పీట మీద కూచుని వేల ముఖాలు చూశాను, అలాంటిది చూడలేదు. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటూ తొంభై మూడు సెకన్లు కూచున్నాను. స్టాప్‌వాచీ వంక కూడా చూశాను, ఎంతయిందా అని. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

వాలీ మోకాళ్ళు మడతపడ్డాయి. నీళ్ళు చప్పుడవగానే పెద్దాయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచి కట్ అని అరిచారు. ఆ మాట పూర్తవకముందే ఐవీ నీళ్ళలో ఉంది. అందరూ అటు పరిగెత్తారు. నేను మాత్రం కాగితం మీద రాశాను: ఐదో టేకు, రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు, బాగుంది, ప్రింటు వేయాలి. బాగుంది అని దర్శకుడు చెబితేనే రాయాలి. ఆయన చెప్పలేదు. నా అంతట నేనే రాశాను.

పక్షవాతం. కాస్త ముందు బయటికి లాగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నాడు డాక్టరు. ఆసుపత్రి వరండాలో ఐవీ తడి బట్టలతోనే కూచుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"అక్కా, నువ్వు అన్నీ కనిపెడతావుగా. ముందే ఏమన్నా తేడా తెలిసిందా నీకు?"

"లేదే. నటిస్తున్నాడనే అనుకున్నాను" అన్నాను. తడుముకోకుండా వచ్చేసింది.

ఐవీ చాలాసేపు నా ముఖంలోకి చూసింది. "అంతేలే. నువ్వే అంటుంటే అంతేలే" అంది.

నాలుగు రోజులకి స్టూడియోలో తీసిందంతా వేసుకుని చూశాం. పెద్దాయన అప్పుడే మొదటిసారి ఆ షాట్ చూడ్డం. వాలీ ఇటు తిరిగి చూసే చోట నా మణికట్టు పట్టుకున్నారు. లైట్లు వెలిగాయి. మిగతావాళ్ళు బయటికి పోయేదాకా ఆగి, "నువ్వు తట్టలేదు" అన్నారు.

"తట్టాను సార్. గాలి హోరులో మీకు వినపడలేదేమో" అన్నాను.

ఎంత తేలిగ్గా అనేశానో చూడండి. ఆయన ముఖం పాలిపోయింది. తన చెవి మీద తప్ప ఇంక దేని మీదా నమ్మకం లేని మనిషితో నీ చెవే మోసం చేసిందని చెప్పాను. ఆయన తిరిగి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. షాట్ తీసేద్దామన్నారు. నిర్మాత ఒప్పుకోలేదు. సినిమా ఊళ్ళూ దేశాలూ తిరిగింది. ఆ ఓపిక, ఆ గుండె నిబ్బరం ఇంకే దర్శకుడికుందని పత్రికలు ఆకాశానికెత్తేశాయి. ఎవరైనా ఆ షాట్ పొగిడితే ఆయన తల వంచుకునేవారు. అది వినయమని రాశారు.

ఆ తర్వాత ఆయన ఏ షాటుకీ కళ్ళు మూసుకోలేదు. కళ్ళార్పకుండా నటుల మీదే చూపు పెట్టి, ఎవరు తుమ్మినా కట్ అనేవారు. తొమ్మిది సినిమాలూ అలాగే తీశారు. అన్నీ శుభ్రంగా ఉంటాయి, ఒక్కదానిలోనూ ప్రాణం ఉండదు. ఆఖరికి టీవీకి మాంసం పులుసు పొడి ప్రకటనలు తీశారు. రాణిగారి బిరుదు కూడా వచ్చింది, ఆ పాత మూడు సినిమాల పుణ్యమా అని. వాలీ ఆరేళ్ళు బతికాడు. మాట మళ్ళీ రాలేదు. నేను ఏటా క్రిస్మస్ కార్డు పంపేదాన్ని. వెళ్ళి చూడ్డానికి ముఖం చెల్లలేదు.

డెబ్బై తొమ్మిది అక్టోబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, లండన్‌లో ఆయనకి సన్మానం పెట్టారు. పడవవాడి సినిమా కొత్త ప్రింటు వేసి, తర్వాత స్టేజీ మీద ఆయనతో ముచ్చట. పాతవాళ్ళలో మిగిలింది నేనే కాబట్టి పక్కన నాకూ ఒక కుర్చీ వేశారు. ముందు ఇద్దర్నీ ఒక చిన్న గదిలో కూచోబెట్టి షెర్రీ వైను ఇచ్చారు. ఆయనకి డెబ్బై ఏడు. చూపు బాగా మందగించింది. చెవులు మాత్రం పిల్లి చెవులే.

"కొత్త ప్రింటుకి గాలి హోరంతా కడిగేశారు ఎనిడ్. మొన్న హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించారు" అన్నారు.

"బాగా వచ్చిందా సార్?"

"గంట వినిపిస్తోంది. వాలీ ఊపిరి వినిపిస్తోంది. కెమెరా దగ్గర ఎవరో ముక్కు ఎగపీల్చారు, అదీ వినిపించింది." గ్లాసు కింద పెట్టారు. "తట్టు లేదు."

నేను నా షెర్రీ ఒక్క గుక్కలో తాగేశాను.

"ముప్ఫై ఏళ్ళు నా చెవులే చెడిపోయాయనుకున్నాను" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బతికిపోయేదాన్ని. ఇంతలో మమ్మల్ని స్టేజీ మీదికి పిలిచారు.

మూడు వందల మంది. నాలుగో వరసలో నెరిసిన జుట్టుతో ఒకావిడ. చూడగానే పోల్చాను. వాలీ ముక్కే. ఎదురుగా కూచున్న కుర్ర పండితుడు సరిగ్గా ఆ షాటే ఎత్తాడు. అంతసేపు కట్ అనకుండా ఎలా ఉండగలిగారు సార్, ఆ ధైర్యం ఎక్కడిది అన్నాడు. పెద్దాయన ఎప్పుడూ చెప్పే జవాబొకటుంది. అది చెప్పలేదు. నా వైపు తిరిగి, "ఎనిడ్‌ని అడగండి. నా కళ్ళు ఆవిడే" అన్నారు.

మైకు నా చేతికొచ్చింది. ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నారు, అంతే. మూడు వందల మంది ముందు, ఐవీ ముందు, ఒక్క వాక్యం అంటే చాలు. నేనేమన్నానో తెలుసా? "పెద్దాయనకి ఎప్పుడు ఆపాలో తెలుసండీ. మేమంతా ఆయన్ని నమ్మాం" అన్నాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఆయన కళ్ళు మూసుకున్నారు. తర్వాత నాతో మాట్లాడకుండానే కారెక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయన్ని చూడలేదు.

కిందనున్న టీ గదిలో ఐవీ ఒక్కతే కూచుని ఉంది. నా కాళ్ళు అటే తీసుకెళ్ళాయి.

"బాగా మాట్లాడారండీ ఎనిడ్ గారూ" అంది. అక్కా అనలేదు. "కూచోండి. ఈ బన్ను సగం తీసుకోండి, రాయిలా ఉంది."

కూచున్నాను. "ఐవీ, నేను పైన చెప్పింది అబద్ధం. ఆ రోజు ఆసుపత్రిలో నీకు చెప్పిందీ అబద్ధమే. నాకు కనిపించింది. మూతి జారినప్పుడే తెలిసిపోయింది. పెద్దాయన కళ్ళు మూసుకుని ఉంటే ఆపించాల్సింది నేను. ఒక్క తట్టు తట్టాలి. తట్టలేదు."

"ఎందుకని?"

"బాగుంది కాబట్టి."

ఐవీ కప్పు రెండు చేతుల్తోనూ పట్టుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను, కప్పు విసురుతుందనుకున్నాను. ఆమె ఏడవనూ లేదు.

"ఎంత పని చేశావమ్మా" అంది. "నేనూ చూశాను. గట్టు మీంచి అంతా చూశాను. పది అడుగులు. దుప్పటి చేతిలోనే ఉంది. కట్ అనలేదుగా, మధ్యలో దూరితే నాన్న చంపేస్తాడని నిలబడిపోయాను. అన్నీ కనిపెట్టే మనిషివి నీకే కనిపించలేదంటే, నాకు కనిపించింది ఉత్త భ్రమే అయుంటుందని సర్దుకున్నాను. ఆరేళ్ళు నాన్న నోట్లో గంజి పోస్తూ కూడా నీ మాటే తలుచుకుని సర్దుకున్నాను. ఇప్పుడొచ్చి అది కూడా లాక్కుంటున్నావు."

నాకు తలకొట్టేసినట్టయింది. నా మనసు తేలికపడాలని నేనొచ్చాను. ఆమెకి మిగిలిన ఆ ఒక్క ఊరటా నా అబద్ధమేనని నాకెలా తెలుస్తుంది?

ఐవీయే అడిగింది. "ఒక్కటి చెప్పు. నేను పరిగెత్తుకొచ్చి నాన్నని బయటికి లాగి ఉంటే, నువ్వు నా వైపు నిలబడేదానివా?"

ఆమె ఏం వినాలనుకుంటోందో నాకు తెలుసు. అవునంటే సరిపోయేది. అప్పటికి మూడు అబద్ధాలాడినదాన్ని, నాలుగోది ఎంతసేపు?

"లేదు" అన్నాను. "షాట్ పాడు చేశావని తిట్టేదాన్ని. అందరికంటే ముందు నేనే తిట్టేదాన్ని."

ఐవీ తలూపింది. చేతిసంచీలోంచి గ్లవ్స్ తీసి, ఒక్కొక్క వేలూ సర్దుకుంటూ తొడుక్కుంది.

"నాన్న కూడా తిట్టేవాడే" అంది. "కాకపోతే, తిట్టడానికి ఆయనకి నోరు మిగిలుండేది."